అత్తయ్య కిటికీకి ఏసీ పెట్టిన రోజు

దయ్యాల కబుర్లు నా దగ్గర చెల్లవు. ఇరవై ఏళ్ళు నర్సుగా చేశాను. పోయినవాళ్ళ కళ్ళు ఈ చేతులతోనే మూశాను, పక్క గదిలో కూర్చుని టిఫినూ తిన్నాను. ఒక్కరంటే ఒక్కరు లేచి నన్ను పలకరించలేదు. ఇప్పుడు చెప్పేది దయ్యం కథ అని కూడా నేననను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

పన్నెండేళ్ళ కిందటి మే నెల. రాయపూర్ దేవేంద్ర నగర్‌లో ఒక ఇంటి పై అంతస్తులో అద్దెకుండేవాళ్ళం, నేనూ మా ఆయనా మా అత్తయ్యా. అంతకు ఆరు నెలల ముందు అత్తయ్యకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట కూడా పోయింది. "ఆ" అనడం తప్ప ఇంకేమీ రాదు. నోరారా మాట్లాడే మనిషి అలా అయిపోతే చూడలేకపోయేదాన్ని.

నెత్తిన డాబా కాగి ఆ గది కొలిమిలా ఉండేది. కూలర్ పెడితే ఆ తేమ గాలికి ఆమె ఛాతీలో కఫం పట్టి ఊపిరి ఆడేది కాదు. తీసేస్తే జ్వరం. గది చల్లగా, పొడిగా ఉంచకపోతే ఈ ఎండాకాలం దాటడం కష్టమని డాక్టర్ మొహం మీదే చెప్పాడు. ఇక ఏసీ తప్పదనుకున్నాం.

ఇంటాయన గోడకు కన్నం పెట్టనివ్వడు కాబట్టి స్ప్లిట్ ఏసీ మాట అక్కడితో సరి. కిటికీలో పెట్టేదే కొనాలి. చిన్న గదికి ఒక టన్ను చాలంటాడు షాపువాడు. పైన ఎండ పడే డాబా ఉంది, ఒకటిన్నర కావాలని నేను. మా ఆయనకు చప్పుడు భయం. మూడు ఏసీలు వేయించి, ఒక్కొక్కదానికీ చెవి ఆనించి, రోగిని పరీక్షించినట్టు విన్నాడు. నాకు నవ్వాగలేదు. చివరికి అన్నిట్లోకీ మెల్లగా మోగే ఒకటిన్నర టన్నులది తీసుకున్నాం.

చిక్కల్లా కిటికీతోనే వచ్చింది. ఆ గదికి ఉన్నది ఒకటే. మంచంలోంచి అత్తయ్యకు కనిపించే లోకమంతా అదే. రోజూ సాయంత్రం నాలుగయ్యేసరికి ఆమె అటు తిరిగి ఎడమచెయ్యి చాచేది. ఆ చేతిలో మూతి తుడుచుకునే తువ్వాలు ఉండేది. మొహం కళకళలాడేది. బయట చూస్తే ఏముంది నా మొహం? వెనక సందు, దాని అవతల ఎదురింటి సాహు భాభీ వాళ్ళ డాబా. ఏసీ పెడితే కిటికీలో మిగిలిన ఖాళీ అంతా ప్లైవుడ్‌తో మూసేస్తారు. ఆమెకున్న ఆ ఒక్క సంతోషమూ నా చేత్తోనే తీసేస్తున్నానని ఒకటే బాధ. అయినా మనిషి బతకాలి కదా.

మెకానిక్ ముప్పై ఏళ్ళవాడు, ఎర్ర టీషర్టు వేసుకున్నాడు. ఎవరూ తోడు దొరకలేదని ఒక్కడే వచ్చాడు. కిటికీ రెక్కలు తీశాడు, ఊచలు కోశాడు, బయట ఇనప స్టాండు బిగించాడు. ప్లైవుడ్ తక్కువైందని కోయించుకు రావడానికి కిందికి వెళ్ళాడు. నేను వంటింట్లో మజ్జిగ కలుపుతున్నాను.

"ఎండలో నిలబడ్డారు. లోపలికి రమ్మనవే."

అత్తయ్య గొంతు. గ్లాసు చేజారింది. పరుగెత్తాను. ఆమె ఆ ఖాళీ కిటికీ వైపు చూస్తూ తువ్వాలు చాచి ఉంది. వంగి బయటికి చూశాను. కింది వాటా కిటికీ మీది జానెడు సజ్జ తప్ప నిలబడటానికి అక్కడ చోటే లేదు. ఎవరూ లేరు.

ఎదురు డాబా మీద సాహు భాభీ ఎండబెట్టిన వడియాలు తీస్తోంది. నన్ను చూసి అక్కణ్ణించే కేకేసింది. "అరే దీదీ, ఉన్ బూఢే మిస్త్రీ కో పానీ తో పిలా దో!" ముసలి మేస్త్రీకి మంచినీళ్ళన్నా ఇవ్వమని నా మీద దబాయింపు. ఏ ముసలాయన అన్నాను. ఖాకీ బట్టలాయన, ఇంతసేపూ సజ్జ మీద నిలబడి లోపలికే చూస్తున్నాడు కదా అంది. అప్పుడే సందు మొదట్లో మా ఎర్ర టీషర్టు ప్లైవుడ్ చంకన పెట్టుకుని వస్తున్నాడు.

మా ఆయనకు ఫోన్ చేశాను. అరగంటలో వచ్చాడు. అంతా విని మంచం అంచున కూలబడ్డాడు. వాళ్ళ నాన్నగారు రైల్వే వ్యాగన్ వర్క్‌షాపులో చేసేవారు. మా పెళ్ళికి ముందే పోయారు, నేను ఆయన్ని చూడలేదు. డ్యూటీ దిగి నాలుగింటికి ఇంటికొస్తే, ఆ నూనె మరకల ఖాకీ బట్టలతో గడప తొక్కేవారు కాదట. క్వార్టర్ వెనక కిటికీ దగ్గర నిలబడేవారట. అత్తయ్య అందులోంచే సబ్బూ తువ్వాలూ అందిస్తే, పెరట్లో పంపు కింద స్నానం చేసి, ఆమె "రండి లోపలికి" అన్నాకే వచ్చేవారట. ఈ సంగతి నాకు ఆ రోజు వరకూ ఎవరూ చెప్పలేదు. చెబుతూ చెబుతూ మా ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

మెకానిక్ ఏసీ రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, పెట్టమంటారా వద్దా అని నిలబడ్డాడు. పెడితే ఆ దారి మూసుకుపోతుంది. పెట్టకపోతే అత్తయ్య మిగలదు. రమ్మనమని ఆమె చెప్పింది నాకే కదా. సిగ్గుగానే ఉంది, అయినా కిటికీ దగ్గరికెళ్ళి అన్నాను.

"మామయ్యగారూ, లోపలికి రండి. మేము ఇది మూసేస్తున్నాం."

తెలుగు ఒక్క ముక్క రాని ఆ మెకానిక్, అంత బరువు చేతుల్లో ఉండగానే, ఎవరో పెద్దాయనకు దారి ఇచ్చినట్టు గోడవైపు ఒదిగాడు. ఎందుకు జరిగావని తర్వాత అడిగితే "పతా నహీ దీదీ" అన్నాడు. తెలియదట.

జబ్బుపడి మాట పోయినవాళ్ళు ఎప్పుడో ఒకసారి ఒక పాత మాట అనడం నేను ఆసుపత్రిలో చూశాను. అత్తయ్య సంగతి అలా సర్దుకోగలను. సాహు భాభీ సంగతి ఎలా సర్దుకోను? ఆమె మామయ్యగారి ఫోటో కూడా ఎరగదు.

అత్తయ్య ఇంకో నాలుగు ఎండాకాలాలు ఉంది. మళ్ళీ ఒక్క మాటా మాట్లాడలేదు. మూసేసిన ఆ కిటికీకేసి ఒక్కసారీ చెయ్యి చాచలేదు, దాని కోసం దిగులూ పడలేదు. నాలుగయ్యేసరికి మంచానికి ఎడమపక్కన ఖాళీగా ఉన్న చోటు వైపు తిరిగి, చల్లగా నిద్రపోయేది. ఇరుకు గది, ఒక కుర్చీకి కూడా తావు లేక ఇబ్బంది పడేవాళ్ళం. అయినా ఆ నాలుగేళ్ళూ ఆ చోట మేము ఏమీ పెట్టలేదు.