పాపయ్య పారబోసిన కల్లు

సొంత అన్న చచ్చిన ఐదో రోజున పాపయ్య చుట్టాలు పోసిన కల్లును నేలపాలు చేశాడనీ, అన్న మీద అంత పగ ఉందనీ మిర్యాలగూడ మిల్లుల దగ్గర చాలాకాలం చెప్పుకున్నారు. తాగమని దోనెలా మడిచి ఇచ్చిన తాటిరేకను చింపి బావమరిది మొహాన కొట్టాడని కూడా కలిపారు.

పాపయ్య బియ్యం మిల్లులో హమాలీ. పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, బతుకమ్మ పండుగ ముందర, కూతురు చిన్నిని వెంటబెట్టుకుని హుజూర్‌నగర్ వెళ్ళాడు. అక్కడ కల్లు తాగి, పిల్లను బస్టాండులో మరిచి, ఒక్కడే ఇల్లు చేరాడు. మర్నాడు ఎవరో పిల్లను తెచ్చి అప్పగించారు. భార్య పెంటమ్మ ఒక్క మాట అనలేదు.

ఆనాటి నుంచి పాపయ్య కల్లు మానేశాడు. ఎవరూ మెచ్చుకోలేదని కోపం. మెచ్చుకుంటే ఇంకా కోపం. మిల్లు నుంచి రాగానే పెంటమ్మ నీళ్ళ చెంబు అందించే నెపంతో దగ్గరికొచ్చి వాసన చూసేది. ఆ చెంబు గోడకేసి కొట్టాలనిపించేది. గొంతు కల్లు కోసం పీకుతుంటే, మానినందుకు తన మీద తనకే మండేది.

ఆ చలికాలంలో అన్న ఎల్లయ్య పోయాడు. వాళ్ళ కులంలో ఐదో రోజున, పోయినవాడి తమ్ముడికి అతని భార్య తరఫువాళ్ళు కల్లు తెచ్చి, తాటిరేకలో పోసి తాగిస్తారు. తాగితేనే దుఃఖం తీరినట్టు. పెంటమ్మ అన్న అంజయ్య మాడుగులపల్లి నుంచి కుండ మోసుకొచ్చాడు.

"పట్టు బావా," అని రేక చేతిలో పెట్టి నింపాడు.

"నేను మానేసిన."

"మీ అన్న నిన్నిడిసి ఎన్నడన్న తాగిండా? గీ ఒక్కనాడు తాగితే ఏమైతది?"

"ఆయన్ని నడుమ తేకు."

"నా చెల్లెకు గింత బయపడుతవని తెల్వదు బావా."

వాకిట్లో కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. పాపయ్య రేక పైకెత్తాడు. నురగ పెదవికి తగిలింది. ఆ పుల్లటి వాసనకు కళ్ళు మూతలుపడ్డాయి. తెరిచేసరికి గడపలో పెంటమ్మ నిలబడి ఉంది.

"నువ్వన్న వద్దనవేందే?" అని ఆమె మీద విరుచుకుపడ్డాడు.

"నేనెందుకంట? నోరు నీది. తాగుతవో పారబోస్తవో. పిల్లను మాత్రం ఇగ నీ వెంట పంప."

ఇన్నాళ్ళూ నోట్లో దాచుకున్న మాటను ఇంతమందిలో అన్నందుకు ఆమెను నరకాలన్నంత కోపమొచ్చింది పాపయ్యకు. పళ్ళు కొరుకుతూ కల్లంతా నేల మీద పారబోశాడు.

"సచ్చినోని కల్లు మన్నుపాలు చేసినవ్," అని అంజయ్య కుండ నెత్తికెత్తుకుని, అన్నం తినకుండానే వెళ్ళిపోయాడు.

తాటిరేకను పాపయ్య చింపలేదు. దులిపి, మడత చెడకుండా ఇంటి చూరులో దోపాడు. ఇప్పటికీ అక్కడే ఉంది.