ఎండుటాకు రంగు గోడ

ఆ పెయింటు షాపుకు వచ్చేవాళ్ళంతా ఆమెను రంగులక్క అనేవాళ్ళు. అసలు పేరు యజమానికైనా గుర్తుందో లేదో అనుమానమే. షాపులో అడుగుపెట్టినవాళ్ళు ముందు కౌంటరు దగ్గర నిలబడి, గోడకు తగిలించిన రంగుల కార్డులు తిరగేసి, తల గోక్కుని, చివరికి వెనక మూలకు వచ్చి తేలేవాళ్ళు. ఆ మూలలో రంగులు కలిపే యంత్రం, దాని పక్కన ఎత్తు స్టూలు, స్టూలు మీద రంగులక్క. యంత్రం రాకముందు పొడులు పోసి కర్ర పెట్టి చేత్తో కలిపేది. వచ్చాక కూడా దాని మీద ఆమెకు నమ్మకం అంతంతమాత్రమే. డబ్బా మూత తీసి, వేలు ముంచి, అట్టముక్క మీద రాసి, అది ఆరేదాకా ఆగి చూస్తేగాని మూత బిగించనిచ్చేది కాదు.

తడి రంగును నమ్మకూడదన్నది ఆమె పట్టుదల. ఇంటి బయటికి వేసే రంగు డబ్బాలో ఒకలా ఉంటుంది, ఆరాక చిక్కబడుతుంది, పెద్ద గోడకెక్కి ఎండ తగిలాక మళ్ళీ పల్చగా కనబడుతుంది. కార్డు మీద చాక్లెట్టులా ఊరించింది కాస్తా గోడ మీద పాలెక్కువైన టీలా తేలిపోతుంది. అందుకని ముందు గోడ మీద చాపంత మేర వేయించుకుని, పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, పొద్దువాలాక ఒకసారి చూసుకుని రమ్మని పంపేది. డబ్బులిస్తామంటే రంగివ్వడానికి ఈమె బెట్టేమిటని విసుక్కునేవాళ్ళు విసుక్కుని పోయేవాళ్ళు. ఆమె మాట పెడచెవిన పెట్టినవాళ్ళు మాత్రం ఇల్లంతా వేయించేశాక మొహం వేలాడేసుకుని తిరిగొచ్చేవాళ్ళు.

ఇక బ్రౌన్ రంగంటే ఆమె తర్వాతే ఎవరైనా. ఇంటికి బురద రంగేమిటండీ అని పెదవి విరిచినవాళ్ళను కూడా కూర్చోబెట్టి ఒప్పించేది. దుమ్ము రేగే రోడ్డు పక్కన తెల్ల ఇల్లు ఏడాది తిరక్కుండానే ముసలిదైపోతుంది, బ్రౌన్ ఇల్లు ఆ దుమ్మునే ఒంటికి పూసుకుని హుందాగా నిలబడుతుంది అనేది. కింద మోకాలెత్తు దాకా ముదురు కాఫీపొడి రంగు వేయించండి, వానకు చిందిన బురద కనబడదు. పైన ఎండుటాకు రంగు. కిటికీల చుట్టూ ఇంకో ఛాయలో పట్టీ. తలుపుకు మాత్రం రంగొద్దు, చెక్కను చెక్కలా వదిలేసి పాలిష్ పెట్టించండి, అన్నీ బ్రౌనే అయితే ఇల్లు మట్టిముద్దలా ఉంటుంది. గోడవారన నాలుగు పచ్చటి మొక్కల కుండీలు పెట్టి అప్పుడు చూడండి. ఇలా చెప్పుకుంటూ పోయేది. ఆ చుట్టుపక్కల కళ్ళకు ఆనే బ్రౌన్ ఇళ్ళలో సగం ఆమె నోటి చలవే. వాటిలో ఒక్కదాని గడపైనా ఆమె తొక్కలేదు, తొక్కమని పిలిచినవాళ్ళూ లేరు.

తను ఉండేది ఒక వెనక వాటాలో. ఒకటే గది. దానికి కిటికీ ఉండటానికి ఉంది, తెరిస్తే పక్కింటి గోడ, మూస్తే సొంత గోడ, అంతే తేడా అని తనే నవ్వేది. షాపులో ఆమె మూలకు ఆ భాగ్యం కూడా లేదు. నీ రంగు వెలుతుర్లో పెట్టి చూసుకోమని ఊరందరికీ చెప్పే మనిషి బతుకంతా ట్యూబులైటు కిందే గడిచిపోయింది.

తండ్రి పోయేనాటికి తమ్ముడు బళ్ళో చదువుతున్నాడు. తల్లి అంతకుముందే లేదు. బిల్లులు రాయడానికని షాపులో చేరిన పిల్ల, తమ్ముడి చదువు, తమ్ముడి ఉద్యోగం, తమ్ముడి పెళ్ళి అంటూ ఒక్కొక్కటే చక్కబెట్టుకొచ్చేసరికి, ఆమె పెళ్ళి మాట ఎత్తే మనిషే మిగల్లేదు. అందుకు ఆమె ఎవర్నీ ఆడిపోసుకోలేదు. తనకంటూ ఆశపడింది ఒక్కటే. అదైనా నోరు తెరిచి అడిగింది కాదు, వాడంతట వాడే అన్నాడు.

తమ్ముడు మెయిన్ రోడ్డులోంచి వీధిలోకి తిరిగే మలుపులో స్థలం కొని, ఇల్లు మొదలుపెట్టిన రోజుల మాట. పునాదులకు సున్నంతో గీతలు గీయించి, అక్కను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ గీతల మధ్య నిలబెట్టాడు.

“ఇదీ నీ గది అక్కా. వీధివైపు పెద్ద కిటికీ పెట్టిస్తున్నా. ఇక ఆ కొంపలో ఉండేదేం లేదు, మా దగ్గరికి వచ్చెయ్.”

ఉత్త నేల మీద నిలబడి ఆమె లేని కిటికీలోంచి వీధిని చూసింది. సైకిల్ మీద వెళ్ళేవాణ్ణి చూసింది, ఎదురింటి అరుగు మీద పిల్లిని చూసింది. ఆ రోజు నుంచి ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. షాపుకు వచ్చే మేస్త్రీలందరికీ తన కిటికీ సంగతి చెప్పింది. పొద్దున్నే దాని ముందు కుర్చీ వేసుకుని టీ తాగుతానని కూడా చెప్పింది.

గోడలు లేచి రంగుల దాకా వచ్చేసరికి మరదలితో పేచీ వచ్చింది. ఆ పిల్లకు బూడిద రంగు గోడలు, తెల్ల పట్టీలు కావాలి. ఇప్పుడందరూ ఇవే వేయిస్తున్నారు వదినా అంటూ ఫోన్లో బొమ్మలు చూపించింది. రంగులక్క అంతవరకు మరదలి మాటకు ఎదురు చెప్పి ఎరగదు. ఈ ఒక్క విషయంలో మాత్రం చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. పక్కనే మెయిన్ రోడ్డు, లారీల దుమ్ము, బూడిద మీద చారలు పడితే ఇల్లు ఏడ్చినట్టుంటుందని చెప్పింది. చెప్పినా లాభం లేదని తెలిసి, తన గది కిటికీ పక్కన గోడ మీద మూడు చాపలంత మేర మూడు రంగులు వేయించింది. ఒకటి మరదలు కోరిన బూడిద, ఒకటి ఎర్రమట్టి బ్రౌన్, ఒకటి ఎండుటాకు రంగు.

ఇక చూడాలి తమాషా. పాలవాడు, ఇస్త్రీ అతను, ఎదురింటి ముసలాయన, దారినపోయే ప్రతివాడూ ఆగి తీర్పు చెప్పడమే. ఈలోగా ఒక వాన పడి, నాలుగు రోజులు దుమ్ము రేగింది. బూడిద రంగు చారలు తేలింది. ఎర్రమట్టి పొద్దువాలే ఎండకు గులాబీ తిరిగి వెలవెలబోయింది. ఎండుటాకు మాత్రం చెక్కుచెదరలేదు. మీ ఇష్టం వదినా అని మరదలు మూతి ముడుచుకుంది. గెలిచానని ఆ వెర్రిది ఎంత మురిసిపోయిందో చెప్పలేను.

రంగులేసే రోజుల్లో షాపుకు సెలవు పెట్టి మేస్త్రీ వెనకాలే తిరిగింది. డబ్బాకూ డబ్బాకూ వెంట్రుకవాసి తేడా వస్తుందని అన్నిటినీ పెద్ద డ్రమ్ములో పోయించి ఒకటిగా కలిపించింది. ఇది ఇల్లా పెళ్ళికూతురా అక్కా అని మేస్త్రీ వేళాకోళమాడాడు. మిగతా కిటికీల పట్టీలకు కాఫీపొడి రంగే సరిపెట్టి, తనకిస్తామన్న ముందు గది కిటికీకి మాత్రం యంత్రాన్ని నమ్మకుండా పాతరోజుల్లోలా చేత్తో కలిపింది. చింతగింజ మీది నిగనిగ ఉంటుంది చూడండి, ఆ రంగు. అలాంటిది అంతకుముందు ఎవరికీ ఇవ్వలేదు. ఆ పట్టీ కూడా తనే నిచ్చెనెక్కి వేసుకుంది.

ఇల్లు కుదిరింది. కుదరడమంటే అలా ఇలా కాదు, మెయిన్ రోడ్డు మీద పోయేవాళ్ళు బండ్లు ఆపి ఫోటోలు తీసుకున్నారు. మరదలు కూడా మూతి ముడుపు విప్పి, మేమే కష్టపడి వెతికి వేయించామండీ అని వచ్చినవాళ్ళకు చెప్పుకుంది. వాళ్ళు ఇంట్లో దిగారు. రంగులక్క గది మాత్రం తెమల్లేదు. మొదట నేల పాలిష్ కాలేదన్నారు. తర్వాత మిగిలిన టైల్స్ అందులో పెట్టామన్నారు. తర్వాత అలమార రావాలన్నారు. ఆమె తొందరపెట్టలేదు. కిటికీకని క్రీము రంగు గుడ్డ కొని, కర్టెన్ కుట్టించి, మడిచి పెట్టెలో పెట్టుకుంది.

ఒక సాయంత్రం తమ్ముడు షాపుకొచ్చి, నేరుగా వెనక మూలకు వచ్చి నిలబడ్డాడు. యంత్రం మీద చెయ్యి వేశాడు, తీశాడు, ఎండల సంగతి మాట్లాడాడు, చాలాసేపు నీళ్ళు నమిలాడు. చివరికి తేలిందేమిటంటే, ఎవరో కాఫీ షాపు పెట్టేవాడు ముందు గది అద్దెకు అడిగాడు.

“నీ రంగు చూసే వచ్చాడక్కా. కాఫీ షాపుకి ఇంతకన్నా కుదిరే ఇల్లు ఈ చుట్టుపక్కల లేదన్నాడు. అదే మేం అనుకున్న బూడిద రంగు వేసుంటే కన్నెత్తి కూడా చూసేవాడు కాదు.”

మెచ్చుకోలుగానే అన్నాడు పాపం. ఆమె చేతిలో మూత తీసిన డబ్బా ఉంది.

“ఆ గదేనా?” అంది.

“ఆ గదేలే. నీకు పైన నీళ్ళ ట్యాంకు పక్కన ఒక గది వేయిద్దామనుకుంటున్నాం. ఇప్పుడే కాదు, నెమ్మదిగా.”

“సరేలే. మంచిదేగా,” అంది రంగులక్క.

ఏం మంచిది? ఆ మాట అనకపోతే ఆమె సొమ్మేం పోయేది? ఆ డబ్బా వాడి చొక్కా మీద కుమ్మరించి ఉంటే నాకు కొంతైనా కడుపు చల్లబడేది. ఆరకుండా ఏ రంగునూ నమ్మొద్దని ఊరందరికీ చెప్పిన మనిషి, సున్నం గీతల మధ్య తమ్ముడన్న మాటను అన్న క్షణాన్నే నమ్మేసింది. దాన్ని ఒక్కరోజైనా ఎండలో పెట్టి చూసుకోవాలని ఆమెకు తోచలేదు. వాడు వెళ్ళాక ఆ డబ్బా మూత బిగించి, కొన్నవాళ్ళకు అందించి, తర్వాతి వాళ్ళకేం కావాలని అడిగింది.

కాఫీ షాపు పనులు మొదలయ్యాయి. మెయిన్ రోడ్డు వైపు గోడ పగలగొట్టి షట్టరు పెట్టారు. కొన్నాళ్ళకు తమ్ముడు మళ్ళీ పెయింటు షాపుకొచ్చాడు. ఈసారి నీళ్ళేం నమల్లేదు, పనిమీద వచ్చాడు. వీధివైపు గోడకు లోపల కాఫీ యంత్రమూ అరలూ వస్తాయట, ఎండ పడితే కాఫీగింజల వాసన చెడుతుందట, అందుకని అటున్న కిటికీ తీసేసి ఇటుకలు కట్టేశారు. ప్లాస్టరింగ్ కూడా అయింది. ఇక అంత మేరకు రంగు కావాలి, పాత గోడలో కలిసిపోయేలా. కాగితంలో చుట్టి తెచ్చిన పాత గోడ పెచ్చు తీసి ఆమె ముందు పెట్టాడు.

ఆ పెచ్చు ఒకవైపు ఎండుటాకు రంగు. అంచున వేలెడు మేర చింతగింజ రంగు.

“ఈ చివర ముదురుది అక్కర్లేదక్కా. ఆ లేతది చాలు,” అన్నాడు.

సాయంత్రానికి సిద్ధం చేస్తానని పంపేసింది. డబ్బా యంత్రం కింద పెట్టింది. గోడ కొన్ని నెలలు ఎండకు మాగింది కాబట్టి పాత కొలత పనికిరాదు, కాస్త వెలిసిన ఛాయ తేవాలి. ఆ సంగతి ఆలోచించకుండానే ఆమెకు తెలుసు. ఇంకొకటి కూడా తెలుసు. పెచ్చు పక్కన పెట్టి తడిమీద సరిపోయేలా కలిపి ఇచ్చేస్తే చాలు. ఆరాక చిక్కబడి, ఆ ఎండుటాకు గోడ మధ్య నిలువెత్తు మచ్చ తేలుతుంది, సరిగ్గా కిటికీ ఆకారంలో. మళ్ళీ రంగులేయించేదాకా దారినపోయే ప్రతివాడికీ కనబడుతుంది. మరదలికి గేటు తీసినప్పుడల్లా కనబడుతుంది. రంగు సరిపడలేదేమిటక్కా అంటే, సిమెంటు పచ్చిగా ఉన్నట్టుందిరా అంటే సరి.

తడిమీద సరిపోయింది. మూత పెట్టబోయింది కూడా. కానీ అప్పటికే ఆమె వేలు డబ్బాలో మునిగి, అట్టముక్క మీద రాసి, ఫ్యాను కింద పెట్టేసింది. అట్టముక్క ఆరింది. రంగు చిక్కబడింది. ఆమె చెయ్యి తెలుపు అందుకుంది, ఒక చుక్క పసుపు అందుకుంది, మళ్ళీ కలిపింది, మళ్ళీ రాసింది, మళ్ళీ ఆరబెట్టింది. పెచ్చు పక్కన పెడితే ఏది పెచ్చో ఏది అట్టో పోల్చలేనంతగా వచ్చేదాకా ఆగలేదు. ఆ చేతులకు పౌరుషం లేదు, ఉన్నదల్లా అలవాటు. డబ్బా తమ్ముడికి ఇచ్చేటప్పుడు, రెండో పూత మొదటిది బాగా ఆరాకే వేయమని మేస్త్రీకి చెప్పమని కూడా చెప్పింది. పెచ్చు మాత్రం ఇవ్వలేదు, వాడూ అడగలేదు.

కాఫీ షాపు తెరిచాక ఒక సెలవురోజు అటు వెళ్ళింది. మెయిన్ రోడ్డు వైపు జనం కిటకిటలాడుతున్నారు. ఆమె అటు పోకుండా వీధివైపుకు తిరిగింది. పచ్చటి కుండీలు వరసగా ఉన్నాయి. వాటి వెనక గోడ కింది నుంచి పైదాకా, ఆ మూల నుంచి ఈ మూలదాకా ఒక్క రంగు. ఎదుర్నుంచి చూసింది. ఏటవాలుగా ఎండ పడేవైపు నిలబడి చూసింది. దగ్గరికి వెళ్ళి, కుండీల మధ్య వంగి, గోడను చేత్తో తడుముకుంటూ నడిచింది. అతుకు దొరుకుతుందనుకున్నచోట దొరకలేదు. వెనక్కొచ్చి మళ్ళీ తడిమింది.

గేటు తీసుకుని తమ్ముడు బయటికొచ్చాడు. అక్కను చూసి మొహం చేటంత చేసుకున్నాడు. పక్కన నిలబడి తనూ గోడవంక తలెత్తి చూశాడు.

“ఎంత బాగా కలిపావక్కా,” అన్నాడు. “కిటికీ సరిగ్గా ఎక్కడుండేదో నాకే గుర్తు రావట్లేదు.”

ఆమెకూ దొరకలేదు. చెయ్యి గోడ మీంచి తీసేసింది.