శ్యాంబాబు పేరెత్తితే

విజయ్ పాల్ దగ్గర శ్యాంబాబు పేరెత్తకూడదు. ఎత్తారో, చచ్చారన్నమాటే! తాగుతున్న టీ గ్లాసు పక్కన పెట్టేసి, "ఎవరూ, మా శ్యామా? వాడికి లైటు పట్టుకోవడం నేర్పింది ఎవరనుకున్నారండీ?" అని మొదలెడతాడు. ఇక అవతలి మనిషికి బస్సు దాటిపోయినా ఆయనకి పట్టదు.

అలాగని విజయ్ పాల్ చెడ్డవాడేం కాదు. భీమవరంలో ఇంజినీరింగ్ కాలేజీ రోడ్డులో ‘రూబీ డిజిటల్స్’ ఆయనదే. రూబీ అంటే ఆయన కూతురు. పెనుగొండ దగ్గరున్న సొంతూరి నుంచి రోజూ బండి మీద వచ్చి పోతుంటాడు. చిన్నప్పుడు మిషన్ బోర్డింగులో ఉండి చదువుకున్నాడు. ఇంటర్ గట్టెక్కలేక ఓ ఫొటో స్టూడియోలో చేరాడు. క్యాసెట్ల కాలం నుంచి డ్రోన్ల కాలం దాకా ఆ పనిని వదల్లేదు. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, బాప్తిస్మాలు, రొయ్యల మేత షాపుల ప్రారంభోత్సవాలు, ఆఖరికి కువైట్‌లో ఉన్న ఎవరి కూతురో చూడాలంటే సమాధి కార్యక్రమం కూడా లైవులో పెడతాడు. ఆ చుట్టుపక్కల సగం మంది మెళ్ళో తాళి పడ్డ క్షణం ఆయన హార్డ్ డిస్కుల్లో ఉంది. కానీ పెళ్ళి వీడియో చూస్తూ "ఇది తీసిందెవరు?" అని ఇంతవరకూ ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. నగలు చూస్తారు, వంటలు చూస్తారు, తమ మొహం ఎక్కడుందో వెతుక్కుంటారు. అదీ ఆయన బాధ.

మరి శ్యాంబాబు సినిమా చూసిన ప్రతివాడూ ముందు అడిగే మాట అదే. తీసిందెవరు?

శ్యాంబాబుదీ పెనుగొండ దగ్గర ఆ ఊరే, ఆ వీధే, ఆ లూథరన్ చర్చే. విజయ్ పాల్ కంటే నాలుగైదేళ్ళు చిన్న. మీసాలొచ్చే వయసులో విజయ్ పాల్ వెనకాల లైటు పట్టుకుని పెళ్ళిళ్ళకి తిరిగాడు. పని మాత్రం వంకర. దండలు మార్చుకునే వేళకి లైటు పెళ్ళికొడుకు మీద వెయ్యరా అంటే, వంటపాక దగ్గర ఎంగిలాకులు తీసేవాళ్ళ మీద వేసేవాడు. "నీకేమైనా పిచ్చా?" అని విజయ్ పాల్ ఎన్నిసార్లు మొట్టాడో లెక్కలేదు. చివరికి ఓ రోజు శ్యాంబాబు లైటు అక్కడ పెట్టేసి వెళ్ళిపోయాడు. ఎక్కడెక్కడ తిరిగాడో, ఏం తిన్నాడో గానీ, నిర్మాత లేకుండా, హీరో లేకుండా, ఊళ్ళవాళ్ళ చందాలతో రొయ్యల చెరువు కాపలావాడి మీద ఓ సినిమా తీశాడు. దానికెక్కడో విదేశంలో బహుమతి వచ్చింది. ఇంకేముంది, భీమవరం సెంటర్లో శ్యాంబాబు ఫ్లెక్సీ లేచింది. రోజూ దాని ముందు నుంచే బండి మీద వెళ్ళాల్సి రావడం విజయ్ పాల్ ఖర్మ.

"ఆ ఫ్లెక్సీలో ఫొటోకి ఫోకస్ కూడా లేదు" అన్నాడు ఇంటికొచ్చి.

భార్య కృపారాణి స్కూల్ టీచరు. పిల్లల తప్పులు దిద్దీ దిద్దీ ఆవిడకి మొహమాటం ఎప్పుడో పోయింది. "ఫోకస్ సంగతి సరే గానండీ, మీ మొహం ఎందుకలా మాడిపోయింది?" అంది.

రెండో సినిమా వచ్చాక అసలు గొడవ మొదలైంది. దాని పేరు ‘బియ్యం సంచి’. వాళ్ళిద్దరి ఊళ్ళో క్రైస్తవుల ఇళ్ళల్లో ఎసట్లో బియ్యం పోసే ముందు ఓ పిడికెడు దేవుడి పేరున పక్కన డబ్బాలో వేస్తారు. ఇంట్లో గంజే గతైనా ఆ పిడికెడు తప్పదు. శనివారం నాడు స్త్రీల సమాజం తరఫున ఒకావిడ సంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోగు చేస్తుంది. ఆదివారం అది చర్చికి చేరుతుంది. మధ్యలో ఆ సంచిలో చెయ్యి పెట్టారంటే దేవుడి కంచంలో పెట్టినట్టే. శ్యాంబాబు సినిమాలో సంచి మోసే ఆవిడ సరిగ్గా ఆ పనే చేస్తుంది. పస్తున్న ఒక పిల్లాడి కోసం దేవుడి బియ్యం తీసి వండి పెడుతుంది. ఆ పిల్లాడి మొహం సినిమా మొత్తంలో ఒక్కసారీ కనిపించదు, అన్నం తినే చెయ్యే కనిపిస్తుంది. మర్నాడు ఆవిడ ఏమీ జరగనట్టు చర్చికెళ్ళి అందరితో కలిసి పాట పాడుతుంది. ఏడవదు, క్షమించమనదు. అక్కడితో సినిమా అయిపోతుంది.

జనం రెండుగా చీలిపోయారు. "ఇది మన బతుకు" అని కొందరు. "మన బతుకుని అమ్ముకుంటున్నాడు" అని కొందరు. మొదటి సినిమాకి ఫ్లెక్సీ కట్టినవాళ్ళలో సగం మంది వచ్చి దాన్ని చింపేస్తే, మిగతా సగం మంది కొత్తది కట్టారు. ‘శ్యాం అన్న సైన్యం’ అనే వాట్సాప్ గ్రూపులోంచి అలిగి బయటికొచ్చినవాళ్ళు ‘శ్యాం అన్న అసలైన సైన్యం’ అని ఇంకోటి పెట్టుకుని, పొద్దస్తమానం శ్యాం అన్ననే తిట్టేవారు. వాడేమన్నా ఊరుకునే రకమా? ఎవరో మైకు పెట్టి "చర్చివాళ్ళు బాధపడుతున్నారండి, ఏమంటారు?" అని అడిగితే, "బాధపడనివ్వండి. నేను జోలపాటలు పాడ్డానికి రాలేదు" అనేశాడు. తిట్టేవాళ్ళకి ఇంకాస్త మేత దొరికింది. మెచ్చుకునేవాళ్ళు ఆ ముక్కని టీషర్టుల మీద వేయించుకున్నారు. ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసే గణేష్‌బాబు ఆ టీషర్టు తొడుక్కుని తిన్నగా రూబీ డిజిటల్స్‌కే వచ్చాడు.

"మీరు శ్యాం అన్నకి గురువంట కదండీ! ఒక్క సెల్ఫీ అండి."

విజయ్ పాల్ నవ్వుతూ సెల్ఫీ ఇచ్చాడు. ఆ కుర్రాడు మెట్లు దిగగానే షట్టర్ సగానికి దించేసుకుని లోపల కూచున్నాడు.

అబ్బబ్బ, ఏం కడుపుమంటండీ అది! శ్యాంబాబుని పొగిడితే మండిందంటే అర్థముంది, తిట్టినా మండేది. తిట్టడానికైనా అందరి నోట్లో నానేది వాడి పేరే కదా! ఇన్నేళ్ళ నుంచి కెమెరా మోస్తున్న తనని తిట్టే నాథుడైనా ఉన్నాడా ఈ జిల్లాలో? ‘సత్యవాది’ అని దొంగ పేరు పెట్టుకుని ఫేస్‌బుక్కులో ఆ సినిమా మీద నోటికొచ్చినట్టు రాశాడు. దానికి వందల కొద్దీ లైకులొచ్చాయి. సొంత పేరుతో పెట్టిన ఏ డ్రోన్ వీడియోకీ అందులో పదో వంతు రాలేదు. అంటే శ్యాంబాబు పేరు పట్టుకుంటే తప్ప తననీ ఎవరూ చూడరన్నమాట. ఆ లైకులు చూసి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు పాపం.

ఓ మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి భార్య, కూతురు, తల్లి ముగ్గురూ ఫోనుని మంచినీళ్ళ చెంబుకి ఆనించి ఆ సినిమాయే చూస్తున్నారు. తల్లి దేవకుమారి ఒకప్పుడు ఊడ్పులకెళ్ళి కొడుకుని పెంచిన మనిషి. గట్టిగా మాట్లాడి ఎరగదు. ఆ ఊళ్ళో ఏళ్ళ తరబడి బియ్యం సంచి మోసింది ఆవిడే. కొడుకు తీసిన పెళ్ళి వీడియో ఏది పెట్టినా మొదటి పాట అయ్యేలోపే కునుకు తీస్తుంది. ఆవిడ ఇప్పుడు రెప్ప వెయ్యడం లేదు.

"ఎలా ఉందేంటి?" అన్నాడు విజయ్ పాల్, చెప్పులు కూడా విప్పకుండా.

"బానే తీశాడురా. ఆ అమ్మాయికి సంచి పట్టుకోవడమే రాలేదు. భుజమ్మీద వేసుకుంటాం గానీ చంకలో పెట్టుకోం."

"బాగోలేదని చెప్పొచ్చు కదా, పోనీ!"

"బాగుంటే బాగుందనే చెప్తాను కదరా."

ఆ పూట ఆయనకి అన్నం సహించలేదు. తల్లి ఒక్కర్తీ "వాడి మొహం, వాడేం తీస్తాడు, నువ్వు తీస్తేనే బాగుంటుంది" అని ఉంటే ఆ ఫ్లెక్సీలు, బహుమతులు, టీషర్టులు అన్నీ దిగమింగుకునేవాడే.

ఇంతలో శ్యాంబాబు ఊరికొచ్చాడు. చర్చి ఆవరణలో తెర కట్టి, సొంత ఊరివాళ్ళకి సినిమా చూపిస్తానని అడిగాడు. స్త్రీల సమాజం ప్రెసిడెంటు రత్నమాణిక్యం గారు భగ్గుమన్నారు. తెర సంగతి దేవుడెరుగు, అసలు వాడి పేరే సంఘంలోంచి తీసెయ్యాలన్నారు. పేరు తీసెయ్యడమంటే మాటలు కాదు. రేపు పోతే వాడికి ఆ చర్చి సమాధుల దొడ్లో, వాళ్ళమ్మ పక్కన, చోటుండదు. పాస్టరు గారు నెమ్మదస్తుడు. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతా కూచుని తేల్చుకుందాం అన్నారు. తీర్మానం ప్రవేశపెట్టడానికి విజయ్ పాల్ తనంతట తానే ముందుకొచ్చాడు.

"మీరు మాట్లాడకండి" అంది కృపారాణి, చర్చికి బయల్దేరేటప్పుడు. "రత్నమాణిక్యం గారు మాట్లాడితే భక్తి అనుకుంటారు. మీరు మాట్లాడితే ఏంటన్నది అందరికీ తెలుసు."

"ఏం తెలుసు?"

"నా నోటితో నన్ను చెప్పమంటారా?"

విన్నాడా? వింటే ఆయన విజయ్ పాల్ ఎందుకవుతాడు!

ఆదివారం చర్చిలో బెంచీలు చాలలేదు. ఆఖరి వరసలో శ్యాంబాబు గడ్డం గోక్కుంటూ కూచున్నాడు. విజయ్ పాల్ లేచి బ్రహ్మాండంగా అందుకున్నాడు. కూలి చేసుకుని కూడా దేవుడి పిడికెడు తప్పించని తల్లుల గురించి చెప్పాడు. ముందు వరసల్లో ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. తన మాటకి ఇంతమంది కదలడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి. అక్కడితో ఆపేసి ఉంటే నెగ్గేవాడే.

"ఈ చర్చిలో ఏ తల్లీ ఆ సంచిలో చెయ్యి పెట్టలేదు, పెట్టదు!" అన్నాడు ఊపులో. "కావాలంటే అడగండి! ఇదిగో, మా అమ్మ ఎన్నో ఏళ్ళు మోసింది ఆ సంచిని. అమ్మా, లేచి సాక్ష్యం చెప్పు!"

ఆ చర్చిలో పేరు పెట్టి సాక్ష్యానికి పిలిస్తే కూచోడానికి లేదు. లేచినవాళ్ళు ఉన్నదే చెప్పాలి. అది తెలియని మనిషి కాదు విజయ్ పాల్. అయినా తల్లి ఏం చెబుతుందన్న అనుమానం ఆయనకి ఏ కోశానా రాలేదు. దేవకుమారి కొంగు సర్దుకుని మెల్లిగా లేచింది.

"పిన్నీ, వద్దు. కూచో" అన్నాడు ఆఖరి వరసలోంచి శ్యాంబాబు, లేచి నిలబడిపోయి.

ఆవిడ అటు చూడలేదు. పాస్టరు గారి వైపు తిరిగింది.

"తీశానండి అయ్యగారూ. ఆ సంచిలోంచి నేను తీశాను. పసివాడు ఆకలితో ఉన్నాడు, ఇంట్లో గింజ లేదు. దేవుడి బియ్యమని తెలిసే తీశాను. మళ్ళీ అలాంటి రోజొస్తే మళ్ళీ తీస్తాను. పేరు కొట్టెయ్యాలంటే ముందు నాది కొట్టెయ్యండి."

కూచుంది. రత్నమాణిక్యం గారు పాటల పుస్తకం తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఓ ముసలావిడ లేచొచ్చి దేవకుమారి పక్కన ఇరుక్కుని కూచుంది. ఇంకో ఇద్దరు మొహం తిప్పుకున్నారు. తీర్మానం ఊసు ఎవరూ ఎత్తలేదు. పాస్టరు గారు కళ్ళు మూసుకుని ప్రార్థనతో ముగించేశారు.

కొడుక్కి ఊరి ముందు తల కొట్టేసినట్టయి ఉంటుంది అనుకుంటున్నారు కదూ? ఇంటికొచ్చేదాకా అలాగే ఉంది నిజానికి. కానీ కాళ్ళు కడుక్కుంటూ ఉండగా విజయ్ పాల్‌కి ఒక్కసారిగా తట్టింది. పసివాడు! అంటే తనే! తల్లి దేవుడి బియ్యం ముట్టింది తన కోసం. ఎక్కడెక్కడివాళ్ళో కన్నీళ్ళు పెట్టుకున్న ఆ సినిమాలో అన్నం తినే చెయ్యి తనది. అమ్మ ఆ కథ శ్యాంగాడికి ఎప్పుడో చెప్పి ఉంటుంది, వాడు తీసుకుపోయి సినిమా చేసుకున్నాడు. చేసుకోనీ! వాళ్ళు ఫ్లెక్సీలు కట్టీ చింపీ కొట్టుకుంటున్నది తన ఆకలి గురించి. ఇన్నేళ్ళ మంట మీద చల్లటి నీళ్ళు పోసినట్టయింది. రేపు గణేష్‌బాబుని పిలిచి, కూచోబెట్టి, టీ ఇప్పించి మరీ చెబుదామనుకున్నాడు.

ఆదివారం కాబట్టి కోడికూర. దేవకుమారే వడ్డించింది. విజయ్ పాల్ చాలాకాలానికి ఆకలిగా కలుపుకున్నాడు.

"అమ్మా, ఆ రోజు బాగా ఏడ్చానా నేను?"

"ఏ రోజురా?"

"అదే, బియ్యం తీసిన రోజు."

దేవకుమారి గరిటె గిన్నెలో పెట్టింది. "నువ్వెక్కడున్నావురా అప్పుడు? బోర్డింగులో ఉన్నావుగా. పూట పూటా పెట్టేవాళ్ళు అక్కడ."

"మరి?"

"శ్యాంగాడురా. వాళ్ళమ్మ పోయి నెల తిరగలేదు. వాళ్ళ నాన్న లారీ మీద పోయి పత్తా లేడు. మన అరుగు మీద కూచున్నాడు. తిన్నావురా అంటే తిన్నాను పిన్నీ అన్నాడు. పెదాలు అంటుకుపోయి ఉన్నాయి, తిన్నాడంట! అడిగే పిల్లాడైతే లేదని చెప్పి పంపేదాన్నే. వాడు అడగలేదు."

కృపారాణి మొగుడి మొహం వంక చూసి, ఏదో తెచ్చే మిషతో వంటింట్లోకి వెళ్ళిపోయింది. విజయ్ పాల్ నలభై ఎనిమిదేళ్ళ మనిషి. పెళ్ళికెదిగిన కూతురు పక్కనే కూచునుంది. అడగకూడదని ఆయనకీ తెలుసు.

"నా కోసమైతే తీసేదానివా?" అన్నాడు.

"నీ కోసం ఎందుకు తీస్తానురా? పదిళ్ళు తిరిగి అడుక్కొచ్చేదాన్ని. కన్నకొడుక్కి అడగడానికి నాకు సిగ్గేంటి? వాడి కోసం ఎవరింటికెళ్ళి అడగను? నీకెందుకే ఊళ్ళో పిల్లల గొడవ అనరూ?" అని కంచంలో ఇంకో ముక్క వేసింది. "తిను, చల్లారిపోతోంది."

ఆ జవాబులో వంక పెట్టడానికేమీ లేదు. తలూపి ముద్ద కలిపాడు. ఆ పూట బోర్డింగులో తను కడుపు నిండా తిని హాయిగా పడుకునే ఉంటాడు. అయినా సరే, తమ అరుగు మీద పస్తున్న ఆ పిల్లాడి మీద విజయ్ పాల్‌కి పట్టలేనంత కుళ్ళు పుట్టుకొచ్చింది.