రోట్లో దంచని కారానికి దేవుడు తెచ్చిన మంచిపేరు

సహోదరులారా, అక్కలారా, ఈ పత్రికను ఆరాధన అయ్యాక మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికెళ్ళి తీరిగ్గా చదువుకునే అమ్మలారా, మీ అందరికీ వందనాలు! నా పేరు కీర్తన, ఇరవై ఆరేళ్ళు, పెరిగిందంతా హైదరాబాదులో. సాక్ష్యం రాయమని పాస్టరు గారు అడిగితే "నాకే రోగమూ రాలేదండీ, నేనేమీ తాగి పడిపోలేదండీ, నా దగ్గరేం సాక్ష్యం ఉంటుంది" అన్నాను. ఆయన నవ్వి "నీ నోటి సంగతి రాయమ్మా, చాలు" అన్నారు. నిజమే! దేవుడు నన్ను విడిపించింది నా నోటి నుంచే, అది చెప్పిన అబద్ధం నుంచి, అది కక్కిన కోపం నుంచి.

నా చీకటి రోజులు బయటికి చాలా వెలుగుగా కనిపించేవి, అదే అసలు చిక్కు. హైదరాబాదులో నేను పనిచేసే చిన్న కంపెనీ మూతపడితే ఇంకో ఉద్యోగం కోసం తిరిగి తిరిగి, ప్రతి ఇంటర్వ్యూలోనూ నాలాంటి వాళ్ళే వరసగా కూర్చుని ఉండడం చూసి, ఈ గుంపులో నన్నెవరు చూస్తారులే అని విసుగొచ్చి, సొంతంగా ఏదో ఒకటి చేసి పేరు తెచ్చుకోవాలని గుంటూరు పక్క పల్లెలో ఉన్న మా పెద్దమ్మ ఇంటికి వచ్చేశాను. పెద్దమ్మ పేరు మరియమ్మ, మా అమ్మకి అక్క. మిర్చి కాలం వస్తే షెడ్లలో కూర్చుని కాయలకి తొడిమలు తీసే పని ముప్పై ఏళ్ళుగా చేస్తోంది, ఆ ఘాటుకి గొంతు బొంగురుపోయింది, వేళ్ళు సబ్బుతో కడిగినా మండుతూనే ఉంటాయి, కానీ కాయని ఇలా పట్టుకుంటే చాలు, అది ఎలాంటి చేలోదో చెప్పేస్తుంది. ఆమె చేత మంచి కాయ ఏరించి, తొడిమలు తీయించి, ఊళ్ళో మరలో ఆడించి, ప్యాకెట్లు కట్టి ఫోనులో అమ్మడం మొదలుపెట్టాను. కారం బాగుండేది, అందులో మాత్రం అబద్ధం లేదు! రంగు కలపలేదు, తెల్లబారిన తాలు కాయ కలపలేదు. కానీ ఎవరూ కొనలేదు. ఫోను తెరిస్తే కారం అమ్మేవాళ్ళే, అందరూ 'స్వచ్ఛమైనది' అనే అంటున్నారు, నేనూ అదే అంటుంటే నన్నెవరు పట్టించుకుంటారు?

అప్పుడు నాకొక పాడు తెలివి పుట్టింది. పెద్దమ్మ ఇంటి వెనక ఎవరూ వాడని రోలు ఒకటి బోర్లా పడి ఉంది. దాన్ని కడిగించి, పెద్దమ్మకి నేత చీర కట్టించి, రోకలి చేతికిచ్చి, పది నిమిషాలు దంచమని రీలు తీశాను. కింద 'మా అమ్మమ్మ చేత్తో రోట్లో దంచిన కారం' అని రాశాను. చూడండి, ఒక్క వాక్యంలో రెండు అబద్ధాలు! ఆమె అమ్మమ్మ కాదు, అమ్మేది దంచిన కారమూ కాదు. పెద్దమ్మ రోట్లోకి చూసి "ఏందే అమ్మాయ్, ఇది ఒక పూట పచ్చట్లోకి కూడా రాదు గదే" అని నవ్వితే, "నువ్వూరుకో పెద్దమ్మా, దీన్ని మార్కెటింగ్ అంటారు, నీకు తెలీదు" అన్నాను. ఆ తర్వాత ఆమె ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఆమె మొహం వంక చూడలేదు.

రీలు ఎక్కడికో వెళ్ళిపోయింది! ఆర్డర్లు వచ్చాయి, మెచ్చుకోళ్ళు వచ్చాయి, పెద్దమ్మ మొహమే ప్యాకెట్ మీద బొమ్మ అయింది, ఒక కాలేజీ వాళ్ళు పిలిచి 'వ్యాపారంలో నమ్మకం సంపాదించడం ఎలా' అని నా చేత మాట్లాడించారు కూడా. నేను వెళ్ళి మాట్లాడాను, సిగ్గు లేకుండా! ఫోను చేతిలో లేని నిమిషం లేదు. కుడిచేత్తో అన్నం తింటూ ఎడమచేత్తో జవాబులు కొట్టేదాన్ని, ప్యాకెట్ రెండు రోజులు ఆలస్యమైందని ఎవరైనా రాస్తే చాలు, వాళ్ళ ఏడు తరాల్నీ కడిగేదాన్ని.

అలాంటప్పుడు కనిగిరి నుంచి రాజ్యలక్ష్మి గారని ఒక రిటైర్డ్ టీచరమ్మ కామెంట్ పెట్టారు. "అమ్మాయీ, కారం చాలా బాగుంది. కానీ ఇది దంచింది కాదు, మరలో ఆడించింది. దంచిన కారంలో గింజ పలుకులు నాలుక్కి తగుల్తాయి, ఇది పిండిలా మెత్తగా ఉంది. ఆడించామని చెప్పినా కొంటాం కదమ్మా" అని. ఎంత మర్యాదగా రాశారో చూడండి! నేనేం చేశానో తెలుసా? లైవు పెట్టి, ఆవిడ పేరు చదివి, "ముసలితనంలో నాలుక చచ్చిపోతే ఏది తిన్నా పిండిలాగే ఉంటుందండీ" అన్నాను. చూసేవాళ్ళంతా నవ్వారు, నేనూ నవ్వాను. ఆవిడ మాత్రం ఒక్క మాట రాశారు. "సరేనమ్మా. ఆ దంచే పెద్దావిడని లైవులో చూపించు, రోజుకి ఎంత దంచుతుందో ఆవిడనే చెప్పమను." అంతే, అప్పటిదాకా నాతో నవ్విన వాళ్ళే 'అవును, చూపించు, చూపించు' అని పట్టుకున్నారు. నాకు రోషం వచ్చింది. "ఈ ఆదివారం సాయంత్రం నాలుగింటికి చూపిస్తా, కళ్ళు పెట్టుకుని చూడండి" అనేశాను. పెద్దమ్మతో "అడిగితే అంతా నేనే దంచుతానని చెప్పు, ఒక్క మాటే" అన్నాను. ఆమె "ఊఁ" అంది.

ఆ ఆదివారం నెలలో మొదటి ఆదివారం, మన సంఘంలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆదివారం. మామూలుగా నేను పాటల పుస్తకం మధ్యలో ఫోను దాచుకుని కూర్చునేదాన్ని, దేవుడు నన్ను క్షమించాలి! ఆ రోజు మాత్రం సాయంత్రం లైవుకి ఛార్జింగు సరిపోదని మైకు పెట్టె దగ్గర ప్లగ్గుకి తగిలించి వచ్చాను, చేతులు ఖాళీగా ఉండి ఏం చెయ్యాలో తోచక పక్కకి చూశాను. ఆడవాళ్ళ చాపల మీదుగా రొట్టె పళ్ళెం వచ్చింది. పెద్దమ్మ దాన్ని రెండు చేతులతో అందుకుంది, తీసుకోకుండా పక్కావిడకి ఇచ్చేసింది. తర్వాత ద్రాక్షారసం గిన్నె వచ్చింది, దాన్నీ అలాగే, కళ్ళు దించుకుని దాటించేసింది. సంఘంలో ఇది ఎంత మాటో మీకు వేరే చెప్పాలా! పక్కావిడ ఏమీ ఆశ్చర్యపోలేదు. అంటే ఇది మొదటిసారి కాదు.

బయటికి రాగానే అడిగాను. "ఒంట్లో బాలేదా పెద్దమ్మా, ఎందుకు తీసుకోలా?"

"రీలు తీసినకాడ్నించీ తీసుకోవట్లేదే. నాలుగు నెలలైంది. నువ్వు ఇయ్యాల చూశావు."

"దానికీ దీనికీ సంబంధం ఏంటి?"

"నా మొహం పెట్టే గదే నువ్వు అమ్మేది. ఆ మొహం పెట్టుకుని బల్లకాడికి ఎట్టా పోనూ?"

"అయితే ఇవాళ లైవుకి రావా?" సహోదరులారా, ఆ క్షణంలో కూడా నా నోట్లోంచి వచ్చిన మాట అదే!

"వస్తానే. నా చెల్లెలి కూతురివి, నువ్వడిగితే నేను కాదంటానా? దంచుతా, చెప్పమన్నది చెప్తా. కానీ ఆ తర్వాత ఇంక ఆ గిన్నె ముట్టుకోలేను, అంతే. నువ్వు బాధపడమాక."

నాకు ఒళ్ళు మండిపోయింది, "నన్ను ఏడిపించడానికే ఇలా మాట్లాడతావు" అని అరిచి ముందు నడిచి ఇంటికొచ్చేశాను. కాసేపటికి ఆమె వచ్చి, నేత చీర కట్టుకుని, పెరట్లో కూర్చుని రోలు కడగడం మొదలుపెట్టింది. నా కోసం కడుగుతోంది! నా పరువు కోసం తనకున్న ఒక్క గొప్ప సంతోషాన్ని వదిలేసుకోవడానికి సిద్ధపడి, మండే వేళ్ళతో రోలు కడుగుతోంది! అది చూడలేకపోయాను. వంటింట్లోకి వెళ్ళి నేల మీద కూర్చుని, నాకు తెలిసిన పెద్ద పెద్ద ప్రార్థన మాటలేవీ నోటికి రాక, ఇలా అన్నాను. "ప్రభువా, నాకు భయంగా ఉంది. నిజం చెప్తే అందరూ నవ్వుతారు. చెప్పకపోతే పెద్దమ్మని నేనే నీకు దూరం చేసినదాన్ని అవుతాను. నా నోరు నా మాట వినదు, నువ్వే పట్టుకో ప్రభువా, నువ్వే పట్టుకో!" ఎంతసేపు ఏడ్చానో తెలీదు, లేచేసరికి భయం పోలేదు కానీ ఏం చెయ్యాలో మాత్రం తెలిసింది.

నాలుగింటికి లైవు పెట్టాను. "ఈమె మా అమ్మమ్మ కాదు, పెద్దమ్మ. ఈమె ఏరిన కాయే మీరు తింటున్నది, కానీ అది రోట్లో దంచింది కాదు, మరలో ఆడించింది. రాజ్యలక్ష్మి టీచరు గారు చెప్పింది నిజం, నేను అబద్ధం చెప్పి, పైగా ఆవిడని అవమానించాను. తప్పు నాది, పెద్దమ్మది కాదు" అన్నాను. పక్కన పెద్దమ్మ నోరు తెరిచి నన్నే చూస్తోంది. ఇక కామెంట్లు చూడాలి! దొంగ అన్నారు, డ్రామా అన్నారు, ఒకడైతే మా ఇంటి ఆడవాళ్ళందర్నీ కలిపి తిట్టాడు. వాడికి జవాబివ్వబోతే పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుని "ఇప్పుడే గదే దేవుడు నీ నోరు కడిగింది, అప్పుడే మురికి చేసుకుంటావా" అంది. ఏడుస్తూ ఏడుస్తూ నవ్వేశాను!

ఆర్డర్లు దాదాపు ఆగిపోయాయి. వారం గడిచాక పెద్దమ్మ "ఫోన్లో అందరికీ చెప్పావు, బానే ఉంది. ఆ టీచరమ్మకి ఎదురుగా పోయి చెప్పావా?" అంది. మర్నాడు ఆర్డరులో ఉన్న అడ్రసు పట్టుకుని బస్సెక్కి కనిగిరి వెళ్ళాను. తలుపు తీసిన ఆవిడకి నేనెవరో చెప్పి, "క్షమించండి టీచర్ గారూ" అనగానే, "ఓహో, నా నాలుక చచ్చిపోయిందన్న పిల్లవి నువ్వేనా? రా, ముందు మజ్జిగ తాగు. నాలుక సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. ఆవిడ మన విశ్వాసి కాదు, దేవుడి గదిలో దీపం వెలుగుతోంది, అయినా ఆ రోజు దేవుడు నాతో మాట్లాడింది ఆవిడ నోటితోనే అని నమ్ముతున్నాను. "మా అమ్మ ఏడాది కారం ఆడించేటప్పుడు నన్ను మర దగ్గర నుంచోబెట్టేది. మన కాయ మనకే వస్తోందా అని కళ్ళారా చూసుకోవాలి కదా! ఇప్పుడు నేను ఇక్కణ్ణుంచి గుంటూరు వచ్చి నుంచోలేను. నీ చేతిలో ఇరవై నాలుగు గంటలూ ఫోను ఉంటుందిగా, దాంట్లో నన్ను నుంచోబెట్టు" అన్నారు.

నాలుగు రోజుల తర్వాత ఆవిడ కారం ఆడించాను. ఆవిడకి వీడియో కాల్ చేసి, గోనెపట్టా మీద పోసిన కాయ చూపించి, మరలో పోయడం చూపించి, కింద ఎర్రగా రాలే కారం చూపించి, ప్యాకెట్ మూతి అతికించేదాకా కాల్ పెట్టే ఉంచాను. మర హోరులో ఆవిడ అరుపులు! "ఆ మూల తెల్లగా ఉన్న తాలు కాయ తీసెయ్!" అంటే, ముక్కుకి గుడ్డ కట్టుకున్న పెద్దమ్మ "ఎక్కడండీ టీచరమ్మా, అది ఎండకి మెరిసింది, తాలు కాదు" అని కాయ తెచ్చి కెమెరాకి అంటించింది. మర ఆయన "ఏంటమ్మా ఇది, నా మర దగ్గర పంచాయితీ" అని విసుక్కున్నాడు కానీ తనూ తల దువ్వుకుని వచ్చి పక్కన నుంచున్నాడు! టీచరు గారు ఆ సంగతి వాళ్ళ వాళ్ళకి చెప్పారు, వాళ్ళు ఇంకొకరికి చెప్పారు. ఇప్పుడు నా దగ్గర కొనేవాళ్ళందరూ ఫోనులో మర దగ్గర నుంచునే కొంటారు. ఒంగోల్లో పచ్చళ్ళు పెట్టే ఒకావిడ "చాలామంది తక్కువకే ఇస్తామంటున్నారు, కానీ నువ్వు నన్ను నుంచోబెడతావు" అని నా దగ్గరే తీసుకుంటోంది. నేను ఏ గుంపులో కనపడాలని అబద్ధమాడానో, ఆ గుంపులోంచి దేవుడు నన్ను నిజంతోనే చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చాడు!

టీచరు గారి కారం ఆడించాక, మరుసటి నెల మొదటి ఆదివారం రొట్టె పళ్ళెం మా చాప దగ్గరికి వచ్చింది. నా చేతిలో ఫోను లేదు. పెద్దమ్మ ఎర్రబడిన వేళ్ళతో చిన్న ముక్క తీసుకుంది, గిన్నె తీసుకుంది, తాగింది, కొంగుతో మొహం కప్పుకుని భుజాలు కదిలేలా ఏడ్చింది. ఐదు నెలల ఆకలి, సహోదరులారా! నాకు జీవితంలో అంతకంటే పెద్ద ఆర్డరు ఏదీ రాలేదు, రాదు కూడా. దేవునికే మహిమ!

నా కోపం పూర్తిగా పోయిందని చెప్పను, చెబితే అదొక కొత్త అబద్ధం అవుతుంది. మొన్న కొరియరు ఆఫీసులో అరిచాను, మళ్ళీ వెళ్ళి క్షమాపణ అడిగాను, ఆయన నవ్వి టీ ఇప్పించాడు. కానీ మనసు హాయిగా ఉంది, చేసే పని తృప్తిగా ఉంది, పెద్దమ్మ వంక సూటిగా చూడగలుగుతున్నాను.

నాలాగే ఫోను పట్టుకుని వ్యాపారం చేసే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఆఫీసుల్లో లేని అనుభవం ఉన్నట్టు రాసుకుని భయపడుతూ పనిచేసే అన్నలూ, అక్కలూ, మీ పేరు ఏ చిన్న అబద్ధం మీద నిలబడి ఉందో మీకు తెలుసు, దాని బరువు మీ ఇంట్లో ఎవరు మోస్తున్నారో ఒకసారి చూడండి. చూసి, నిజం చెప్పేయండి. చెప్పాక మొదటి గంట చాలా కష్టంగా ఉంటుంది, ఫోను మోగుతూనే ఉంటుంది, పారిపోవాలనిపిస్తుంది. ఆ గంటలో యేసు ప్రభువు వచ్చి మీ పక్కన కూర్చుంటాడు. నా పక్కన కూర్చున్నాడు, అందుకే ధైర్యంగా రాస్తున్నాను. ఆయన్ని నమ్మండి!