సూదికి వచ్చిన సవతి

ఆపరేషన్ థియేటర్లో అందరూ ఆవిడని పెద్దక్క అంటారు. ఇరవై రెండేళ్లుగా హెర్నియా ఆపరేషన్లలో డాక్టరు పక్కన నిలబడి సూదీ దారం అందించిన నర్సు. పొట్టగోడ బలహీనపడి పేగు ఉబికిన చోట వల లాంటి మెష్ పరిచి, అది జరగకుండా కుట్లు వేస్తారు. డాక్టరు నోరు తెరిచే లోపే కావలసిన సూది ఆయన చేతిలో ఉండేది.

అలాంటి చోటికి జిగురొచ్చింది. దాన్ని కలపడం నేర్చుకున్న కొత్త నర్సూ వచ్చింది. కుట్లు అక్కర్లేదట, నాలుగు చుక్కలు వేస్తే మెష్ అంటుకుపోతుందట. డాక్టరు ఆ పిల్లని అందరి ముందూ మెచ్చుకున్న రోజు పెద్దక్కకి అన్నం సహించలేదు. ఇన్నేళ్లలో తనని ఒక్కసారైనా మెచ్చుకున్నాడా? ఇంట్లో ఏకరువు పెడితే మొగుడు నవ్వాడు.

"అయితే నీ సూదికి సవతి వచ్చిందన్నమాట."

రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఏది మేలో తేల్చాలని డాక్టరు చీటీలు తీయించి సగం మందికి కుట్లు, సగం మందికి జిగురు వేశాడు. నెల తిరిగాక ఫోన్ చేసి నొప్పి పదికి ఎంతో అడిగి రాయాలి. అడిగేవాళ్లకి ఎవరికి ఏది వేశారో తెలియకూడదు. రికార్డుల గుమాస్తా సెలవు పెడితే, ఆ పని పెద్దక్క అడిగి మరీ తీసుకుంది. నాకెవరు గుర్తుంటారు అంది గానీ, ఒక్కొక్కరూ గుర్తే.

జిగురువాళ్లు ఒకటి, రెండు అంటుంటే కడుపు రగిలిపోయింది. కుట్లు వేయించుకున్న బీరువాలు మోసే అతను ఆరన్నాడు. ఆవిడ మూడని రాసింది.

అతను ఇంకా చెబుతూనే ఉన్నాడు. "వంగి బూట్లు వేసుకోలేకపోతున్నానమ్మా. మా అమ్మాయే వేస్తోంది. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. మీరడిగారు కాబట్టి చెబుతున్నా."

పెద్దక్క మర్నాడే పరీక్షకి రమ్మని చెప్పి ఫోన్ పెట్టేసింది. మూడు కొట్టేసి ఆరు వేసింది. ఆ కాగితం పట్టుకుని డాక్టరు గదికి వెళ్లింది.

"నాకందరూ గుర్తున్నారు సార్. ఒక అంకె తప్పు రాసి దిద్దాను. ఈ పని నాకొద్దు."

డాక్టరు తిట్టలేదు, ఊరుకోనూ లేదు. గుమాస్తా వచ్చాక అందరికీ మళ్లీ ఫోన్లు చేయించాడు. మొదటి నెల జిగురువాళ్లకే నొప్పి తక్కువని తేలింది. ఏడాదికి ఆ తేడా దాదాపు పోయింది. హెర్నియా తిరగబెట్టింది కుట్లవాళ్లలో ఒకరికి, జిగురువాళ్లలో ఒకరికే. ఇకమీదట మనిషిని బట్టి రెండూ వాడదామన్నాడు డాక్టరు.

దాంతో పెద్దక్క ఆ పిల్ల దగ్గరే జిగురు కలపడం నేర్చుకోక తప్పలేదు. మొదటి సీసా చేతిలోనే గడ్డకట్టింది. "పర్లేదక్కా, నాకూ మొదట్లో ఇలాగే అయ్యేది" అని, ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా ఇంకోటి తెచ్చిచ్చింది.

ఆ మంచితనానికీ పెద్దక్కకి ఒళ్లు మండింది. అయినా రెండో సీసా అందుకుంది.