పెద్దాయన తిన్న పిండి

బేకరీలో అందరూ ఆమెను తూకమ్మ అనేవారు. ఇరవై ఆరేళ్లుగా అక్కడ పిండి కలిపేది ఆమే. మైదా, నీళ్లు, ఉప్పు, ఈస్ట్, ఏదీ చేతి అంచనాతో వేసేది కాదు. చెయ్యి తిరిగినవాళ్లకి త్రాసెందుకని ఓనరు వేళాకోళం చేస్తే, "చెయ్యి ఒకరోజు నిద్రపోయి వస్తుంది, ఒకరోజు ఏడ్చి వస్తుంది. త్రాసు రోజూ ఒకేలా వస్తుందండీ" అనేది.

ఆమెకు ఇంకో అలవాటుండేది. దేన్ని చూసినా "ఎందుకని?" అని అడిగేది. ముసురు పట్టిన రోజున ముద్ద ఎందుకు జిగురుగా ఉంటుంది? ఉప్పు మరిచిపోతే పిండి ఎందుకు అలా ఎగదన్నుకొస్తుంది? జవాబు చెప్పేవాళ్లు దొరక్కపోతే ఓ వాయి పాడుచేసైనా తెలుసుకునేది.

ఆమె అక్కకు ప్రశ్నలంటే గిట్టదు. ఆవిడ దగ్గర జవాబులే ఉంటాయి. ఓ ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరై, భర్త పోయాక ఒక కుట్టుమిషనుతో, ఒక కుక్కతో చెల్లెలి వాటాకు వచ్చి చేరింది. చిన్నప్పటి నుంచే మూతి నెరిసినట్టుండి, తీరిగ్గా నడిచేది కాబట్టి ఆ కుక్కను పెద్దాయన అనేవారు. సాయంత్రం చెల్లెలు తెచ్చిన కిస్‌మిస్ బన్నులో సగం ఆవిడది, సగం పెద్దాయనది.

"కుక్కకి ఇవన్నీ పెట్టొచ్చా అక్కా?" అని తూకమ్మ ఒకటి రెండుసార్లు అడిగింది.

"రాళ్లు తిని అరిగించుకునే రకం. పదేళ్ల నుంచి పెడుతున్నా, ఏమైంది?" అని అక్క నోరు మూయించేది.

ఒక సెలవురోజు మధ్యాహ్నం తూకమ్మ ఇంట్లో కొత్తరకం పాలబ్రెడ్డు చేసి చూద్దామని ముద్ద కలిపి, తూచి, బేసిన్‌లో వేసి తడిగుడ్డ కప్పి, కిటికీ దగ్గర ఎండలో బల్లమీద పెట్టింది. పదహారువందల నలభై గ్రాములు. బట్టలు ఆరేయడానికి డాబా మీదికి వెళ్లి వచ్చేసరికి గుడ్డ నేలమీద ఉంది. పెద్దాయన కుర్చీ మీద నుంచి దిగుతూ మూతి నాక్కుంటున్నాడు.

కుక్కను తిట్టడం కంటే ముందు ఆమె ముద్దను త్రాసులో వేసింది. పన్నెండువందల ఇరవై. అంటే నాలుగువందల ఇరవై గ్రాములు లోపలికి పోయింది.

అక్క కునుకు నుంచి లేచి వచ్చింది. "పిండేగా, విషమేం కాదు. అంత భయమైతే ఇంత ఉప్పునీళ్లు పట్టించు, కక్కేస్తాడు."

"పిండి ఊరుకోదక్కా, పొంగుతుంది. బేసిన్‌లో అయితే గుడ్డ పైకి లేస్తుంది. కడుపులో ఏం లేస్తుంది?"

అక్క అప్పటికే గ్లాసులో ఉప్పు కలుపుతోంది. తూకమ్మ నాలుగు వీధుల అవతలున్న పశువుల డాక్టరుకు ఫోన్ చేసింది.

"డాక్టరమ్మా, మా పెద్దాయన అరకిలో దాకా పచ్చి పిండి మింగేశాడండీ."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. "ఆయన వయసెంతండీ?"

"పదకొండు."

"పదకొండా?"

"కుక్కండీ, కుక్క. పేరు పెద్దాయన."

డాక్టరు నవ్వలేదు. "ఈస్ట్ వేసిన పిండేనా? తిని ఎంతసేపైంది?"

తూకమ్మ ఫోన్ చెవికి ఆనించుకునే ముద్ద మీదికి వంగి చూసింది. కొరికిన చోట అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి. ఆ ఎండకి పావుగంట దాటితే అంచులు ఉబ్బి గుండ్రంగా మెత్తబడేవి. "పావుగంట కాలేదండీ" అంది.

"వెంటనే తీసుకురండి. మీరు మాత్రం కక్కించొద్దు. ఉప్పునీళ్లు అసలే వద్దు, ఉప్పు ఎక్కువైతే అదో ప్రమాదం."

తూకమ్మ ఆ మాటే పైకి అనగానే అక్క చేతిలోని గ్లాసును మెల్లిగా గట్టు మీద పెట్టేసింది.

పక్క వాటాలో ఉండే టాక్సీ డ్రైవరు దింపాడు. దారిలో రోడ్డు తవ్వి ఉండటంతో ట్రాఫిక్‌లో చుట్టూ తిరిగి వెళ్లేసరికి గంట పట్టింది. కారు దిగేసరికి పెద్దాయన కాళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మానేశాయి. ముందుకాళ్లు గుమ్మం వైపు, వెనకకాళ్లు గోడ వైపు నడిచాయి.

"తాగినవాడిలా తూలుతున్నాడేంటే?" అంది అక్క, వాడి నడుం పట్టుకుంటూ.

"నిజంగానే తాగినట్టే" అంది డాక్టరు, కడుపు తడిమి చూస్తూ. "కడుపులో వెచ్చదనానికి ఈస్ట్ పని మొదలుపెట్టింది. గాలితో పొట్ట ఉబ్బుతుంది, పక్కనే సారా తయారవుతుంది. ఆ సారా రక్తంలోకి పోతోంది. పొట్ట మరీ ఉబ్బితే మెలిపడే ప్రమాదం కూడా ఉంటుంది."

మత్తిచ్చి, గొట్టం వేసి, చల్లటి నీళ్లతో కడుపు కడగడానికి సిద్ధమయ్యారు. తూకమ్మ నోరు ఊరుకోలేదు.

"చల్లటి నీళ్లే ఎందుకని..." అని మొదలుపెట్టి, తనే ఆగింది. "ఈస్ట్ నిద్రపోతుందనా? మేమూ అంతే, ముద్ద తొందరగా పొంగకూడదనుకుంటే ఫ్రిజ్‌లో పెడతాం."

"సరిగ్గా అదే" అని డాక్టరు మొదటిసారి ఆమె ముఖంలోకి చూసింది.

గంట తర్వాత పెద్దాయన సెలైన్ ఎక్కించుకుంటూ బల్లమీద పడుకున్నాడు. అక్క వాడి చెవి పట్టుకుని కూర్చుంది. తూకమ్మ డాక్టరు వెనకే చేతులు కడిగే చోటు దాకా వెళ్లింది.

"మా బేకరీలో ఉండేవన్నీ చెప్తాను, ఏది మంచిదో ఏది కాదో చెప్తారా?"

"ఎంత తిన్నది, కుక్క బరువెంత అన్నదాన్ని బట్టి చెప్పాలండీ. వంటసోడా ఉందనుకోండి, కేకులో కాలిన చిటికెడుతో ఏమీ కాదు. డబ్బా దొర్లించి చెంచాలకు చెంచాలు నాకితే ప్రాణం మీదికొస్తుంది. బేకింగ్ పౌడరూ అంతే."

తూకమ్మ కళ్లు మెరిశాయి. "మేము వంద గ్రాముల మైదాకి ఉప్పు రెండు అంటాం. మీరు కిలో కుక్కకి ఇంత అంటారన్నమాట."

"అంతేనండీ. కోకో పొడి కొంచెమే చాలు, చాక్లెట్ ఎంత నల్లగా ఉంటే అంత చెడ్డది. జాజికాయ పొడి ఎక్కువైతే వణుకు, కంగారు. షుగర్ లేని బిస్కెట్లలో జైలిటాల్ అని ఒక తీపిపొడి వేస్తారు, దాన్ని మాత్రం దగ్గరికి రానివ్వకండి. చిన్న కుక్క ఒకటి రెండు బిస్కెట్లతోనే పడిపోవచ్చు."

"కిస్‌మిస్?"

డాక్టరు చేతులు తుడుచుకోవడం ఆపింది. "దానికి లెక్క లేదండీ. ఒక కుక్క గుప్పెడు తిని హాయిగా తిరుగుతుంది. ఇంకోదానికి నాలుగు పలుకులకే మూత్రపిండాలు పాడవుతాయి. ఏ కుక్కకి ఏమవుతుందో ముందు చెప్పలేం."

తూకమ్మకు ఆ మాట మింగుడు పడలేదు. కొలత లేని వస్తువును ఆమె జీవితంలో మొదటిసారి విన్నది. వెనక్కి తిరిగి చూస్తే అక్క అంతా వింటోంది. ఆవిడ ముఖం పాలిపోయింది.

"రోజూ సగం బన్ను పెట్టాను. పదేళ్లు" అంది అక్క.

రక్తం తీసి పరీక్షించారు. మూత్రపిండాలు బాగానే ఉన్నాయి. "ఇది వాడి అదృష్టం. దీన్ని లెక్కలోకి తీసుకోకండి" అంది డాక్టరు. మర్నాటి ఉదయం పెద్దాయన నాలుగు కాళ్లూ ఒకే వైపు నడిపిస్తూ ఇంటికొచ్చాడు. ఆ రోజు నుంచి బన్ను మొత్తం అక్కే తినేది.

కానీ తూకమ్మ మనసులో కిస్‌మిస్ అలాగే నానింది. ఎందుకు కొలత లేదు? పదిహేను రోజులకోసారి క్లినిక్‌కి ఫోన్ చేసి "ఏమైనా తెలిసిందాండీ?" అని అడిగేది. డాక్టరు విసుక్కోలేదు. చివరికి ఒకరోజు ఆవిడే బేకరీకి ఫోన్ చేసింది.

"గుడ్ల తెల్లసొన గిలకొట్టేటప్పుడు నిలబడటానికి తెల్లపొడి ఒకటి వేస్తారా మీరు?"

"పుల్లగా ఉంటుంది, అదేనా?"

"అదే. ద్రాక్షలోని పులుపే అది. అసలు దోషి ఆ పులుపేనని ఇప్పుడు చాలామంది అనుమానిస్తున్నారు. ద్రాక్షలో ఒక్కో రకానికి, ఒక్కో పంటకి పులుపు మారుతుంది కదా. అందుకే లెక్క దొరకలేదేమో. ఇంకా రుజువు పూర్తిగా కాలేదనుకోండి."

తూకమ్మ పిండిచేత్తోనే అరలోంచి ఆ డబ్బా తీసి, వేలితో అద్ది నాలుక మీద వేసుకుంది. నోరు గుంజుకుపోయింది. ఆ రుచి ఆమెకు బాగా తెలిసిందే. ఎక్కడ తెలుసో గుర్తు తెచ్చుకుంటూ నిలబడింది.

"డాక్టరమ్మా, అయితే చింతపండు?"

అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. "దాన్ని కూడా అనుమానిస్తున్నారండీ" అంది డాక్టరు. "మీకెలా తట్టింది?"

"నాలుక చెప్పిందండీ" అంది తూకమ్మ. ఆ ఫోన్ పెట్టేసి, ఇంటికి ఫోన్ చేసి, చింతపండు జాడీ పై అరలోకి ఎక్కించమని అక్కకు చెప్పింది.