చప్టా మీద నేనన్న రెండు మాటలు

ఆ ఉదయం చప్టా దగ్గర ఉన్నవాళ్లనూ, ఉన్నవాటినీ ముందు వరసగా చెప్తాను. ఏ పనైనా అలా మొదలుపెట్టడం నాకు అలవాటు. మా అవ్వ. ఆమె సంగటి గుండిగ. పట్టుచీరలు నేసే నాగలక్ష్మక్క, ఆమె వెనక మగ్గాల వీధి ఆడవాళ్లు ముప్ఫైమంది దాకా. గొర్రెల హనుమంతు, అతని మంద. జీపు దిగిన ఒక అధికారి. ఖాళీ డీజిల్ ట్యాంకరు, దాని డ్రైవరు తిప్పేస్వామి. చప్టా పక్కన ఒక మడుగు, ఆ నీటి మీద రంగురంగుల పొర. నా చేతిలో ఒక కానుగ కర్ర.

ఆరేళ్లయింది. ఆ రోజు గురించి ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ నవ్వుతూనే చెప్పాను. కర్ర సంగతి మాత్రం నిన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆరేళ్లుగా నేను మోస్తున్న బరువు అదే.

మీరు మా వైపు వాళ్లు కాకపోవచ్చు కాబట్టి కొంచెం వివరిస్తాను. ధర్మవరం దాటాక మా ఊరి దగ్గర ఏరు వచ్చి చెరువులో కలుస్తుంది. సముద్రం మాకు చాలా దూరం. మా ఏటికి ఆ చెరువే సముద్రం. కలిసే చోట లోతు తక్కువ, మెత్తని బురద, మనిషెత్తు జమ్ముగడ్డి. చేపపిల్లలు అక్కడే పెరుగుతాయి. గులాబి రెక్కల కొంగలు అక్కడే దిగుతాయి. ఊరు తాగే బావి ఆ ఒడ్డునే ఉంది. పట్టునూలు ఉడికించడానికీ, రంగు వేయడానికీ నీళ్లు ఆ బావివే. ఈ చోటుకు అడ్డంగా వేసిన సిమెంటు దారిని మేం చప్టా అంటాం. వంతెనంత ఎత్తు ఉండదు, ఏరు పారితే నీళ్లు దాని మీదుగానే పోతాయి.

గుట్ట అవతల కంకర మిషన్లు వచ్చాక, వాటికి డీజిల్ తెచ్చే ట్యాంకర్లు పెనుకొండ పెద్ద రోడ్డు మీదుగా చుట్టి రావడం మానేసి ఈ చప్టా పట్టాయి. అంచున అడ్డురాళ్లు లేవు. ఒక్క బండి పక్కకు ఒరిగితే బావి, చేపలు, కొంగలు, మగ్గాలు అన్నీ ఒకేసారి పోతాయి. మా భయం అదీ. ఆ భయం సరైనదే. ఈ మాట ఇప్పుడు కూడా అంటాను. నా తప్పు తగ్గించుకోవడానికి అంటున్నానా? కొంత అందుకే కావచ్చు. అయినా అది నిజం.

నాగలక్ష్మక్క ఒక ఉదయం చాప తెచ్చి చప్టా నడిమధ్య పరుచుకుని కూర్చుంది. మరునాటికి వీధి మొత్తం వచ్చి కూర్చుంది. మూడు వారాలు రోజూ పొద్దున ట్యాంకర్లను ఆపేవాళ్లం. సాయంత్రం ఎవరో ఒకరు వచ్చి, పైవాళ్లతో మాట్లాడతామని మాటిస్తే వదిలేవాళ్లం. నా జీవితంలో అంత సంతోషంగా గడిచిన రోజులు మళ్లీ రాలేదు. సివిల్ డిప్లొమా పూర్తయి, ఉద్యోగం దొరక్క ఇంట్లో ఉన్నాను. వయసు ఇరవై ఒకటి. రోజూ లేవగానే వెళ్లడానికి ఒక చోటు, అక్కడ నాకోసం చూసే మనుషులు ఉండేవాళ్లు. ఆడవాళ్లు కండెలు చుట్టే పని చప్టా మీదికే తెచ్చుకున్నారు. ఎర్ర నూలు, పచ్చ నూలు, కింద ఏరు. హనుమంతు గొర్రెలు ట్యాంకరు నీడలో పడుకునేవి, లేపినా లేచేవి కావు.

వచ్చే బండ్లలో మొదటిది ఎప్పుడూ తిప్పేస్వామిదే. మడకశిర వైపు మనిషి. నలభై దాటినవాడు, బొద్దుమీసాలు, తెలుగులో సగం కన్నడం. మమ్మల్ని చూసి ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు. ఇంజన్ ఆపి, దిగి, టవలు దులుపుకుని చాప అంచున కూర్చునేవాడు.

“ఏమన్నా తిప్పేస్వామీ, మళ్లీ వస్తివా? నీకు సిగ్గు లేదా?” అనేది నాగలక్ష్మక్క.

“నాకేం సిగ్గక్కా. నువ్వు దారి ఇడిస్తే పోతా. ఇడవకపోతే సంగటి తింటా. రెండిట్లో నాకే లాభం.”

“మీ ఓనరుకు తెలిస్తే జీతం దుడ్లు కోస్తాడులే.”

“కోయనీ. ఈ శెనక్కాయల ఊరిబిండి ఆయన పెడతాడా?”

అవ్వ అతనికి మా అందరికంటే పెద్ద ముద్ద పెట్టేది. ఎవరో ఏమిటని అడిగితే, “బండిని నిలబెట్టినాం గానీ మనిషిని పస్తు పెడతామని యాడ చెప్పినాం?” అంది.

తిప్పేస్వామికి ఒక గర్వం ఉండేది. ఇరవై ఏళ్లలో తన బండి నుంచి ఒక్క చుక్క కూడా కారలేదని, అడగకపోయినా చెప్పేవాడు. దిగిన ప్రతిసారీ వెనక్కి వెళ్లి వాల్వు మీద అరచెయ్యి పెట్టి, ఆ చేతిని వాసన చూసుకునేవాడు. “మీ నీళ్లు నా పిల్లలు తాగినట్టే గదప్పా” అనేవాడు నాతో. ఆ మాటకు ఆడవాళ్లు, “అయితే రోడ్డు మీద పోవచ్చు గదా” అనేవాళ్లు. అతను పెద్దగా నవ్వేవాడు. దారి నిర్ణయించేది అతను కాదని అందరికీ తెలుసు.

మూడో వారం చివర అధికారి వచ్చాడు. మంచివాడే. మా మాటలు ఓపిగ్గా విని, ఏదో జరుగుతుందన్న భయం మీద తను దారి మూయలేనని, డీజిల్ నీళ్లలో కలిసిందని చూపిస్తే మాత్రం అదే రోజు మూసేస్తానని చెప్పి వెళ్లాడు. ఆ సాయంత్రం మేం వదిలిన బండ్లలో చివరగా దాటింది, ఆ రోజు ఆలస్యంగా వచ్చిన తిప్పేస్వామి బండి.

మరునాడు పొద్దున్నే హనుమంతు పరిగెత్తుకుంటూ వచ్చాడు. మడుగు మీద నూనె తేలుతోందన్నాడు. అందరం పరిగెత్తాం. నిజంగానే నీటి మీద నీలం, ఊదా, ఇత్తడి రంగులు. మాలో ఒకరు ఆ అధికారికి ఫోన్ చేశారు. ఆయన వచ్చేసరికి, ఖాళీ బండితో తిరిగి వస్తున్న తిప్పేస్వామిని ఆడవాళ్లు మడుగు పక్కనే ఆపి ఉన్నారు. అధికారి నీళ్ల వైపు చూశాడు. తర్వాత, ఇక్కడ దీని గురించి చదువుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. నాగలక్ష్మక్క నా భుజం పట్టి ముందుకు తోసింది.

ఇక్కడి నుంచి నెమ్మదిగా చెప్తాను.

డిప్లొమాలో ఉండగా అనంతపురంలో ఒక నీటి పరీక్షల ల్యాబులో నెల రోజులు శిక్షణ తీసుకున్నాను. ఇలాంటి పొర కనిపిస్తే మొదట ఏం చేయాలో అక్కడ నేర్పారు. కర్రతో కదపాలి. డీజిలైతే పొర కర్ర చుట్టూ జారి, వెనకే మళ్లీ కలిసిపోతుంది. కలవకుండా పెంకుల్లా పగిలి ముక్కలుముక్కలుగా తేలితే అది నూనె కాదు. మట్టిలోని ఇనుము మీద బతికే సూక్ష్మజీవులు నిలవనీటిపై అలాంటి పొర కడతాయి. ఎవరికీ హాని లేనిది. అక్కడి బురద తుప్పు రంగులో ఉంటుంది.

వంగి కర్ర పెట్టాను. పొర పగిలింది. పెంకులయింది. ముక్కలు విడివిడిగా తేలుతూ పోయాయి, కలవలేదు. ఒడ్డు బురద తుప్పు రంగులో ఉంది. వాసన లేదు. లేచి ట్యాంకరు వెనక వాల్వు చూశాను. దాని మీద పొడి దుమ్ము ఉంది. కారి ఉంటే ఆ దుమ్ము నల్లని జిడ్డయ్యేది. నాలుగు గుర్తులు, నాలుగూ ఒకే మాట చెప్పాయి. అనుమానానికి చోటే లేదు. పొరపడ్డాను అని ఈ రోజు మీతో అనగలిగితే ఎంత బాగుండేది.

తిప్పేస్వామి నా దగ్గరికి వచ్చాడు. మొహంలో నవ్వు లేదు. అతన్ని అలా చూడటం అదే మొదటిసారి.

“అప్పా, నువ్వు సదువుకున్నోడివి. వీళ్లు చెప్పేది నేను నమ్మను. నువ్వు చెప్తే నమ్ముతా. అది నా బండిదేనా?”

“నీ బండిదే.”

అంతే అన్నాను. రోజూ పిలిచినట్టు అన్నా అని కూడా అనలేదు. అతను నా మొహంలోకి కాసేపు చూసి, తలొంచుకుని, వాల్వు మీద అరచెయ్యి పెట్టాడు. ఈసారి వాసన చూసుకోలేదు.

ఎందుకన్నాను? ఊరి కోసం అని ఆరేళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. బావి కోసం, కొంగల కోసం, మగ్గాల కోసం. అందులో కొంత నిజముంది. కానీ భుజం మీద నాగలక్ష్మక్క చెయ్యి ఉంది. అంతమంది నా నోటి వైపే చూస్తున్నారు. ఉద్యోగం లేనివాడిగా ఇంట్లో తిరుగుతున్న నన్ను మొదటిసారి ఒక ఊరు ఊరంతా సమాధానం అడిగింది. కాదు అంటే ఆ చూపులన్నీ వాడిపోతాయి. ఆ రెండు మాటల్లో ఊరి మేలు ఎంత, నా గొప్ప ఎంత? ఎన్నిసార్లు కొలిచినా నాకు తేలలేదు.

దారి ఆ రోజే మూశారు. మధ్యాహ్నానికి చప్టా రెండు వైపులా రాళ్లు పాతారు. ఆ సంబరం అబద్ధమని నేను అనలేను. ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు రంగునీళ్లు చల్లుకున్నారు. హనుమంతు గొర్రెలు సగం గులాబీ, సగం పసుపు అయ్యాయి. అవ్వ నడుముకు కొంగు చుట్టి చప్టా మీద చిందేసింది. డెబ్బై ఏళ్ల మనిషిని అంతకుముందు ఎవరూ అలా చూడలేదు. నన్ను ఎత్తుకుని తిప్పారు. ఇంజినీరూ అని పిలిచారు, ఇప్పటికీ అలాగే పిలుస్తారు. ఆ ఏడు వానలకు చెరువు నిండింది. కొంగలు వచ్చి జమ్ము పక్కన తుమ్మచెట్ల మీద గూళ్లు కట్టాయి. ఇది రాస్తుంటే కూడా నాకు నవ్వు వస్తోంది. తప్పు చేసిన రోజే జీవితంలో అన్నిటికన్నా సంతోషమైన రోజు అయితే, మనిషి దేన్ని ఉంచుకోవాలి, దేన్ని వదిలేయాలి?

తిప్పేస్వామిని వారంలో పనిలోంచి తీసేశారు.

ఇప్పుడు నేను హిందూపురంలో ఒక నీటిశుద్ధి ప్లాంటులో పనిచేస్తున్నాను. పోయిన నెల పెనుకొండ బస్టాండు పక్కన టీకొట్టు దగ్గర అతనే నన్ను గుర్తుపట్టాడు. హిందూపురం మార్కెట్టు నుంచి చింతపండు మూటలు తోలే ఆటో నడుపుతున్నాడు. మీసాలు నెరిశాయి, నవ్వు అదే. నన్ను కావిలించుకుని టీ ఇప్పించాడు. ఆ పొద్దు నుంచి తన చేతిని తనే నమ్మడం లేదని, ఇంట్లో నీళ్ల కుళాయి కట్టినా రెండుసార్లు వెనక్కిపోయి చూస్తానని, భార్య ఎగతాళి చేస్తుందని నవ్వుతూ చెప్పాడు. తర్వాత అన్నాడు: “మొగమాటం లేకుండా నిజం చెప్పినావు సూడు, దానికే నువ్వంటే నాకు గౌరవం.”

నేను ఇంకో టీ చెప్పాను.

దారి మూసిన రోజు గుర్తుగా మా ఊళ్లో ఏటా చప్టా దగ్గర భోజనాలు పెడతారు. ఈసారి నాగలక్ష్మక్క తిప్పేస్వామిని కూడా పిలిచింది. పాపం, అతని మనసు మంచిదే గదా అంది. అతను ఒప్పుకున్నాడు. వచ్చే ఆదివారం వచ్చి, ఏటికి టెంకాయ కొట్టి, ఊరి ముందు తప్పు చెప్పుకుంటానన్నాడట. ఆ మాట విన్నాక ఇక కూర్చోలేకపోయాను.

మీకు రాయకముందు, నిన్న మధ్యాహ్నం అతనికి ఫోన్ చేశాను. కర్ర సంగతి, పెంకుల సంగతి, వాల్వు మీద దుమ్ము సంగతి వరసగా చెప్పాను. వెనక మార్కెట్టు మూటలు ఎత్తే కేకలు వినిపించాయి. అయిపోయాక అతను ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేయలేదు. ఆదివారం వస్తాడో రాడో తెలియదు. నన్ను ఏమనుకుంటున్నాడో ఊహించే హక్కు నాకు లేదు. ఫోన్ పెట్టాక నాకు విపరీతమైన ఆకలి వేసింది. మెస్సుకు పోయి రెండోసారి వడ్డించుకుని తిన్నాను. ఒంటరిగా తింటూ నవ్వుకున్నాను కూడా, ఎందుకో తెలియదు.

ఆదివారం అతను వచ్చినా రాకపోయినా, సంగటి వడ్డించే ముందు లేచి నిలబడతాను. అవ్వ ముందు, నాగలక్ష్మక్క ముందు, అందరి ముందు. ఇంజినీరుగా నేను ఊరికి ఇవ్వవలసిన లెక్క ఒక్కటే ఉంది.

ఆ రోజు తిప్పేస్వామి ట్యాంకరు నుంచి నీళ్లలో పడిన డీజిల్: సున్నా లీటర్లు.